ఎల్లుండి కెమిస్ట్రీ ఫైనల్: అన్నీ తిరగేయాలా, కొన్ని పాఠాలు వదిలేయాలా?

గాలిపటం22

ఎల్లుండి పొద్దున కెమిస్ట్రీ ఫైనల్. మిగతా సబ్జెక్టులు అయిపోయాయి, వాటి గురించి దిగుల్లేదు. భయమంతా దీని గురించే.

ద్రావణాలు, ఎలక్ట్రోకెమిస్ట్రీ, కైనెటిక్స్ చదివాను కానీ లెక్క ఇస్తే ఏ సూత్రం వాడాలో తట్టదు. డీ-బ్లాక్, కోఆర్డినేషన్ కాంపౌండ్స్ చదువుతున్నంతసేపూ అర్థమవుతాయి, పుస్తకం మూస్తే మాయం. ఆర్గానిక్ సంగతి ఇక అడగొద్దు. ఆల్డిహైడ్ల దగ్గరకు వచ్చేసరికి హాలోఆల్కేన్లు పోతాయి, అమైన్ల దగ్గరకు వచ్చేసరికి అన్నీ పోతాయి.

ఆర్గానిక్ మొత్తం వదిలేసి మిగతాది గట్టిగా చూసుకోమని ఒక ఫ్రెండు అంటున్నాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కసారి తిరగేస్తే చాలని ఇంకొకడు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. రాసినవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే సూటిగా చెప్పండి. "ముందే చదవాల్సింది" అనే సలహా ఇంట్లో ఇప్పటికే అందింది.

పాతబీకరు

ముందే చదవాల్సింది.

(ఆ చివరి వాక్యం చూశాక చేయి ఆగలేదు. అసలు సలహా తర్వాత పెడతా.)

సున్నా_ఆర్డర్

మొదటి ఫ్రెండు చెప్పిందే కరెక్ట్. ఆర్గానిక్‌కి అంతూ పొంతూ లేదు, ఇంత తక్కువ టైమ్‌లో పట్టు దొరకదు. నేను దాన్ని ముట్టుకోకుండానే గట్టెక్కాను. ఫిజికల్ లెక్కలు, డీ-బ్లాక్ పట్టుకో, పాస్ గ్యారంటీ.

బెంజీన్_బాధితుడు

@సున్నా_ఆర్డర్ పాస్ మార్కుల గురించా వాడు అడిగింది? ఆర్గానిక్ అంటే ఒక్క పాఠం కాదు కదా. హాలోఆల్కేన్లు, ఆల్కహాళ్లు, ఆల్డిహైడ్లు, అమైన్లు అన్నీ కలిపితే చాలా పెద్ద భాగం. అది వదిలేస్తే మిగిలిన దాంట్లో ఒక్క తప్పు కూడా చేయకూడదు. ఆ టెన్షన్‌లో వచ్చిన లెక్క కూడా చేతికి రాదు.

సున్నా_ఆర్డర్

ఆర్గానిక్ మీకేం చేసిందో మీ హ్యాండిల్ చూస్తేనే తెలుస్తోంది :)

బెంజీన్_బాధితుడు

బాధితుడి మాటకే విలువ ఎక్కువ.

సుద్దముక్క

కెమిస్ట్రీ పాఠాలు చెప్తాను, పేపర్లు కూడా దిద్దుతాను. దిద్దేవాళ్ల వైపు నుంచి ఒక మాట చెప్తా వినండి.

పిల్లలకు మార్కులు పోయేది రాని ప్రశ్నల్లో కాదు, వచ్చిన ప్రశ్నల్లో. సూత్రం సరిగ్గానే రాస్తారు, ఉష్ణోగ్రతను సెల్సియస్‌లోనే ఉంచేస్తారు. అరీనియస్ లెక్కలో ఉత్తేజన శక్తి కిలోజౌళ్లలో ఇస్తే దాన్ని జౌళ్లలోకి మార్చకుండా వాయు స్థిరాంకం ఆర్, అంటే 8.314తో భాగిస్తారు. జవాబు వెయ్యి రెట్లు తేడా వచ్చినా అనుమానం రాదు. ఆస్మాటిక్ పీడనం అట్మాస్ఫియర్లలో అడిగితే ఆర్ విలువ 0.0821 తీసుకోవాలి, అక్కడ 8.314 వేస్తారు. సోడియం క్లోరైడ్ ద్రావణం ఇస్తే వాంట్ హాఫ్ గుణకం (కరిగాక ఎన్ని కణాలుగా విడిపోతుందో ఆ సంఖ్య) 2 అని గుర్తుండదు. ఒక కిలో నీటిలో 0.1 మోల్ గ్లూకోజ్ కలిపితే ఘనీభవన స్థానం 0.186 డిగ్రీలు తగ్గుతుంది. అదే 0.1 మోల్ ఉప్పు అయితే దాదాపు రెట్టింపు, 0.372. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన ఒక్కసారి చేసినవాడికి ఆ తప్పు మళ్లీ రాదు.

కాబట్టి గాలిపటం, ఏ పాఠం వదలాలి అన్న ఆలోచన ముందు మానెయ్. ఇప్పుడు నువ్వు చేయాల్సింది చదవడం కాదు, చూడకుండా రాయడం. పుస్తకం మూసి, తెల్లకాగితం తీసుకుని, ఎలక్ట్రోకెమిస్ట్రీలో నీకు గుర్తున్న సూత్రాలన్నీ రాయి. ప్రతి సూత్రం కిందా అందులో ఉన్న ప్రతి అక్షరం దేనికో, దాని యూనిట్ ఏమిటో రాయి. అయిపోయాక పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చు. నువ్వు మళ్లీ చూడాల్సింది ఆ ఎర్ర గీతలే. నల్ల సిరాతో ఉన్నవి నీకు వచ్చినవి, వాటి జోలికి పోకు.

గాలిపటం22

మాస్టారూ, రాయడం మొదలుపెడితే టైమ్ అంతా దానికే పోతుందేమో. చదివితే గంటలో ఒక పాఠం అయిపోతోంది.

సుద్దముక్క

అయిపోతోంది సరే, మిగులుతోందా? పుస్తకం మూస్తే మాయం అని నువ్వే రాశావు కదా.

చిన్నక్క

మాస్టారు చెప్పినదానికి పరిశోధనలు కూడా ఉన్నాయి. 2006లో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చి, కొందరితో దాన్నే మళ్లీ చదివించారు, కొందరితో చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత పెడితే రాసినవాళ్లు ముందున్నారు. గాలిపటం పరీక్ష ఎల్లుండి కదా, లెక్క చూసుకో.

తోకచుక్క

అంటే హాలు బయట గేటు దగ్గర ఐదు నిమిషాల ముందు పుస్తకం తిరగేయడం సైన్స్ ప్రకారం కరెక్టేగా. ఇన్నాళ్లూ అందరూ నన్ను తిట్టారు.

పాతబీకరు

నువ్వు తిరగేసేది పుస్తకం కాదు, పక్కవాడి పుస్తకం. తిట్టారంటే అందుకే.

సున్నా_ఆర్డర్

రాయడం మంచిదే, కాదనను. కానీ ఆర్గానిక్‌లో ఏం రాస్తాడు? వందల రియాక్షన్లు. రాసుకుంటూ కూర్చుంటే పరీక్ష అయిపోతుంది. ఫిజికల్‌కైతే సరే.

చిన్నక్క

@సున్నా_ఆర్డర్ వందలు లేవు. విడివిడిగా చదివితే అలా కనిపిస్తాయి. గొలుసులా కలిపితే రెండు కాగితాలే. నేను పిల్లలతో చేయించేది ఇదే, కావాలంటే ఇప్పుడే చేసి చూడు గాలిపటం.

మొదటి కాగితం మధ్యలో బెంజీన్. గాఢ నైట్రిక్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో నైట్రోబెంజీన్. దాన్ని టిన్ను, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో క్షయకరణం చేస్తే అనిలీన్. అనిలీన్‌కి సోడియం నైట్రైట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి 273 నుంచి 278 కెల్విన్ల మధ్య ఉంచితే బెంజీన్ డయజోనియం క్లోరైడ్. ఇక్కడ ఉష్ణోగ్రత తప్పకుండా రాయాలి, ఎందుకంటే కాస్త వేడెక్కితే అది నీటితో చర్య జరిపి ఫినాల్ అయిపోతుంది. ఇప్పుడు ఆ డయజోనియం నుంచి బాణాలు గీయి. క్యూప్రస్ క్లోరైడ్‌తో క్లోరోబెంజీన్, ఇది శాండ్‌మేయర్. పొటాషియం అయొడైడ్‌తో అయొడోబెంజీన్. గోరువెచ్చటి నీటితో ఫినాల్. హైపోఫాస్ఫరస్ ఆమ్లంతో మళ్లీ బెంజీన్. క్షార ద్రావణంలో ఫినాల్‌తో కలిపితే నారింజ రంగు అద్దకం.

ఫినాల్ దగ్గర ఇంకొన్ని బాణాలు. బ్రోమిన్ నీటితో ట్రైబ్రోమోఫినాల్, తెల్లటి అవక్షేపం. క్లోరోఫాం, సోడియం హైడ్రాక్సైడ్‌తో శాలిసిలాల్డిహైడ్, అది రైమర్-టీమన్. సోడియం ఫినాక్సైడ్ చేసి కార్బన్ డయాక్సైడ్ పంపితే, ఆమ్లం కలిపాక శాలిసిలిక్ ఆమ్లం, అది కోల్బే. జింకు పొడితో వేడిచేస్తే మళ్లీ బెంజీన్‌కే వస్తావు.

రెండో కాగితం మధ్యలో ఇథనాల్. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 443 కెల్విన్ల దగ్గర ఇథీన్, 413 దగ్గర డైఇథైల్ ఈథర్. ఈ రెండు ఉష్ణోగ్రతలూ తారుమారు చేయించడానికే ఆ ప్రశ్న ఇస్తారు. మృదువుగా ఆక్సీకరిస్తే ఎసిటాల్డిహైడ్, గట్టిగా చేస్తే ఎసిటిక్ ఆమ్లం. ఎసిటాల్డిహైడ్ నుంచి ఆల్డాల్. ఎసిటిక్ ఆమ్లం నుంచి ఎర్ర భాస్వరం, క్లోరిన్‌తో క్లోరోఎసిటిక్ ఆమ్లం. అమ్మోనియాతో వేడిచేస్తే ఎసిటమైడ్, దాన్ని బ్రోమిన్, సోడియం హైడ్రాక్సైడ్‌తో మిథైల్ అమైన్. ఈ ఆఖరిదాన్నే హాఫ్‌మన్ బ్రోమమైడ్ అంటారు, ఒక కార్బన్ తగ్గడమే అందులో కీలకం.

"దీన్ని దానిగా మార్చు" అనే ప్రశ్న ఏదొచ్చినా ఎక్కువ శాతం ఈ రెండు కాగితాల మీదే దారి దొరుకుతుంది.

బెంజీన్_బాధితుడు

ఇది నా టైమ్‌లో ఎవరైనా చెప్పి ఉంటే నా హ్యాండిల్ వేరేగా ఉండేది.

సున్నా_ఆర్డర్

రెండు కాగితాలంటే ఒప్పుకుంటా అక్కా. కానీ గుర్తింపు పరీక్షలు? టాలెన్స్, ఫెహ్లింగ్ రెండూ ఆల్డిహైడ్‌కి వస్తాయి, కీటోన్‌కి రావు. అదొక్కటి రాస్తే సరిపోతుందా?

లిట్మస్_లీల

@సున్నా_ఆర్డర్ సరిపోదు. బెంజాల్డిహైడ్ టాలెన్స్‌తో వెండి అద్దం ఇస్తుంది, ఫెహ్లింగ్‌తో ఎర్రటి అవక్షేపం ఇవ్వదు. ఎసిటాల్డిహైడ్‌నీ బెంజాల్డిహైడ్‌నీ ఎలా గుర్తిస్తావని అడిగేది అందుకే.

అయొడోఫాం కూడా ఇలాంటిదే. మిథైల్ కీటోన్లు అని బట్టీ పట్టేసి ఇథనాల్ వదిలేస్తారు. ఇథనాల్ ఇస్తుంది, మిథనాల్ ఇవ్వదు. రెండు-ప్రొపనాల్ ఇస్తుంది, ఒకటి-ప్రొపనాల్ ఇవ్వదు. ఆల్డిహైడ్లలో ఎసిటాల్డిహైడ్ ఒక్కటే ఇస్తుంది. పసుపు అవక్షేపం అని రంగు కూడా రాయాలి. లూకాస్‌లో టెర్షియరీ ఆల్కహాల్ వెంటనే మసకబారుతుంది, సెకండరీ కొన్ని నిమిషాలకు, ప్రైమరీ గది ఉష్ణోగ్రత దగ్గర మారదు. ప్రైమరీ అమైన్‌కి కార్బైల్ అమైన్ పరీక్ష, రంగు కాదు, భరించలేని వాసన. ఇలా పరీక్ష పేరు, కలిపేది, కంటికి కనిపించేది (లేదా ముక్కుకి తగిలేది) మూడూ రాస్తేనే పూర్తి జవాబు.

సున్నా_ఆర్డర్

అమైన్ల పాఠం నేను వదిలేయడానికి కారణం ఆ వాసనే అని రాసుకోండి.

తోకచుక్క

ఇనార్గానిక్‌కి నా చిట్కా. రంగు ఎందుకు అని ఏది అడిగినా "డీ-డీ ట్రాన్సిషన్" (డీ కక్ష్యల మధ్య ఎలక్ట్రాన్ దూకడం) అని రాసెయ్. ఎప్పుడూ కరెక్టే.

సుద్దముక్క

@తోకచుక్క పొటాషియం పర్మాంగనేట్ ఇస్తే? అందులో మాంగనీస్ ఆక్సీకరణ స్థితి +7, డీ ఎలక్ట్రాన్లే లేవు. ఇక డీ-డీ ఎక్కడిది? ఆక్సిజన్ నుంచి మాంగనీస్‌కి ఎలక్ట్రాన్ దూకడం వల్ల వచ్చే ఊదా రంగు అది, ఛార్జ్ ట్రాన్స్‌ఫర్ అంటాం. డైక్రోమేట్ నారింజ రంగుకీ అదే కారణం, అక్కడ క్రోమియం +6. ఈ ప్రశ్న పేపర్లో కనిపించిన ప్రతిసారీ కట్టలు కట్టలుగా "డీ-డీ" అనే జవాబులు దిద్దుతుంటాను.

తోకచుక్క

ఆ కట్టల్లో నాదీ ఒకటి ఉండే ఉంటుంది మాస్టారూ.

పాతబీకరు

ఇప్పుడు అసలు సలహా. డీ-బ్లాక్ కాన్ఫిగరేషన్లు రాసేటప్పుడు రెండు చోట్ల చూసుకో. ఒకటి, క్రోమియం 3డీ5 4ఎస్1, రాగి 3డీ10 4ఎస్1. రెండు, అయాన్ రాయాలంటే ఎలక్ట్రాన్లు ముందు 4ఎస్ నుంచి పోతాయి, 3డీ నుంచి కాదు. ఫెర్రస్ అయాన్ 3డీ6, ఫెర్రిక్ 3డీ5. ఫెర్రిక్‌లో ఐదు ఒంటరి ఎలక్ట్రాన్లు, అయస్కాంత భ్రామకం 5.92 బోర్ మాగ్నెటాన్లు. ఈ సంఖ్య గుర్తుంటే మాంగనీస్ 2+ కూడా అంతే.

కోఆర్డినేషన్‌లో జతలుగా చదువు, విడివిడిగా వద్దు. కోబాల్ట్ 3+ తీసుకో. ఆరు అమ్మోనియాలతో అయితే డీ2ఎస్పీ3, ఒంటరి ఎలక్ట్రాన్లు లేవు, డయామాగ్నెటిక్. ఆరు ఫ్లోరైడ్లతో అయితే ఎస్పీ3డీ2, నాలుగు ఒంటరి ఎలక్ట్రాన్లు, పారామాగ్నెటిక్. లోహం అదే, చార్జీ అదే, లోహానికి అతుక్కున్న గుంపు, అంటే లిగాండ్, మారితే మొత్తం మారింది. అలాగే నికెల్. నాలుగు సయనైడ్లతో చదరపు సమతలం, నాలుగు క్లోరైడ్లతో టెట్రాహెడ్రల్. నికెల్ కార్బొనిల్ కూడా టెట్రాహెడ్రలే, కానీ అందులో నికెల్ సున్నా స్థితి, ఒంటరి ఎలక్ట్రాన్లు లేవు. ఈ మూడూ ఒకే పట్టికలో పక్కపక్కన రాసుకో. ఆ పాఠంలో సగం అక్కడే తేలిపోతుంది.

గాలిపటం22

ఇది బాగుంది. మూడు నికెళ్లు కలిపి నేనెప్పుడూ చూడలేదు, వేర్వేరు పేజీల్లో ఉంటాయి మా పుస్తకంలో.

పేర్లు పెట్టడం ఎలా గుర్తుంచుకోవాలి? ఒకసారి ఐరన్ అంటారు, ఒకసారి ఫెర్రేట్ అంటారు.

పాతబీకరు

కాంప్లెక్స్ మీద రుణావేశం ఉంటే ఫెర్రేట్, కుప్రేట్, అర్జెంటేట్ అని తోక మారుతుంది. ధనావేశం ఉన్నా, తటస్థమైనా మామూలు పేరే. లిగాండ్లు ముందు, ఇంగ్లీషు అక్షర క్రమంలో. డై, ట్రై లాంటివి ఆ క్రమంలో లెక్కలోకి రావు. చివర్లో ఆక్సీకరణ స్థితి రోమన్ అంకెల్లో. అంతే.

అర్ధరాత్రి_అయాన్

ఇవన్నీ చేయాలంటే నైటౌట్ తప్పదు. రేపు రాత్రి పడుకోకు, అంతా అయిపోతుంది. పొద్దున్నే తల మీద చల్లనీళ్లు పోసుకుని వెళ్లిపో.

లిట్మస్_లీల

దయచేసి ఇది మాత్రం వినకు. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. నిద్ర లేకపోతే రాదన్నది రాకపోగా, వచ్చింది కూడా తప్పు రాస్తావు. మైనస్ గుర్తులు, దశాంశ బిందువులు అన్నీ అలసిన బుర్రతోనే జారిపోతాయి.

అర్ధరాత్రి_అయాన్

నిద్ర మంచిదే అంటారా? ఆ కెకులే కూడా కలలోనే బెంజీన్ కనిపెట్టాడట. అయితే పొద్దున్నే పుస్తకం తలకింద పెట్టుకుని పడుకోవడమే బెస్ట్.

సుద్దముక్క

బెంజీన్ వలయం ప్రతిపాదించింది 1865లో. తన తోక తానే కరచుకున్న పాము కల సంగతి ఆయన బయటపెట్టింది 1890లో, తన గౌరవార్థం జరిగిన సభలో. పైగా ఆ కునుకుకు ముందు ఏళ్ల తరబడి కార్బన్ బంధాల మీద తల బద్దలు కొట్టుకున్నవాడు. చదవకుండా పడుకుంటే కలలో పామే వస్తుంది, వలయం రాదు.

పాతబీకరు

ఆ పాము చేతిలో క్వశ్చన్ పేపర్ ఉంటుంది.

గాలిపటం22

మాస్టారు చెప్పినట్టు ఇందాక కైనెటిక్స్ తెల్లకాగితం మీద రాశాను. ఎర్ర సిరా నేననుకున్నంత రాలేదు. మొదటి ఆర్డర్ సూత్రం, అర్ధాయువు 0.693 భాగించు కే, అరీనియస్, అన్నీ వచ్చాయి. పోయినవి యూనిట్లు. సున్నా ఆర్డర్ కే యూనిట్ ఏమిటో, రెండో ఆర్డర్‌ది ఏమిటో ఎప్పుడూ కలిసిపోతాయి. ఇంకొకటి, "99.9 శాతం పూర్తవడానికి పట్టే కాలం అర్ధాయువుకు దాదాపు పది రెట్లు అని చూపించు" అనే ప్రశ్న. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాను.

లిట్మస్_లీల

యూనిట్లు బట్టీ పట్టకు. రేటు యూనిట్ ఎప్పుడూ మోల్ పర్ లీటర్ పర్ సెకండే. గాఢత ఎన్ని సార్లు గుణిస్తే అన్ని సార్లు దాని యూనిట్‌తో భాగించు. సున్నా ఆర్డర్‌లో గాఢత లేదు, కాబట్టి రేటు యూనిటే ఉంటుంది. ఒకటో ఆర్డర్‌లో మోల్ పర్ లీటర్ పోయి పర్ సెకండ్ మిగులుతుంది. రెండోదానికి లీటర్ పర్ మోల్ పర్ సెకండ్. ప్రశ్నలో కే యూనిట్ పర్ సెకండ్ అని ఇచ్చారంటే అది మొదటి ఆర్డర్ అని చెప్పకనే చెప్పినట్టు.

సున్నా_ఆర్డర్

నా యూనిట్ ఎవరూ మర్చిపోకూడదు మరి :)

99.9 దానికి నేను చెప్తా, ఇదొక్కటి నాకు బాగా వచ్చు. మొదట 100 ఉంది అనుకో, మిగిలింది 0.1. 100 భాగించు 0.1 అంటే వెయ్యి. వెయ్యికి లాగ్ 3. కాబట్టి కాలం 2.303 ఇంటూ 3 భాగించు కే, అంటే 6.909 భాగించు కే. అర్ధాయువు 0.693 భాగించు కే. ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తే 9.97, దాదాపు పది. చాలామంది ఆగిపోయేది మిగిలింది 99.9 అని వేసుకోవడం వల్ల. పూర్తయింది 99.9, మిగిలింది 0.1. ఆ ఒక్క మాట దగ్గరే లెక్కంతా ఉంది.

బెంజీన్_బాధితుడు

చూశారా, ఆర్గానిక్ వదిలేసినవాడికి ఇది వచ్చింది.

సున్నా_ఆర్డర్

ఆ మిగిలిన టైమ్ అంతా ఇక్కడే పెట్టానుగా.

తోకచుక్క

లాగ్ పట్టిక ఇవ్వని చోట ఏం చేయాలి?

లిట్మస్_లీల

కాలిక్యులేటర్ గానీ పట్టిక గానీ ఇస్తారో లేదో ముందే కనుక్కోవాలి. ఇవ్వకపోతే నాలుగు గుర్తుంటే చాలు. లాగ్ 2 అంటే 0.3010, లాగ్ 3 అంటే 0.4771, లాగ్ 5 అంటే 0.6990, లాగ్ 7 అంటే 0.8451. మిగతావి వీటిని కూడినా తీసినా వస్తాయి. లాగ్ 6 కావాలంటే 2ది, 3ది కూడితే సరి.

చిన్నక్క

"ఎందుకు" ప్రశ్నలు ఎవరూ చెప్పలేదు. రెండు వాక్యాల్లో అయిపోయేవి, కానీ చదివి ఉంటే తప్ప హాలులో పుట్టవు. అనిలీన్ ఫ్రీడెల్-క్రాఫ్ట్స్ చర్య ఎందుకు ఇవ్వదు (అల్యూమినియం క్లోరైడ్‌తోనే లవణం ఏర్పరుస్తుంది కాబట్టి). క్లోరోబెంజీన్‌లో క్లోరిన్ ఎందుకు తేలిగ్గా ఊడదు. జింక్‌ని పరివర్తన మూలకం అని ఎందుకు అనరు. జిర్కోనియం, హాఫ్నియం పరిమాణాలు దాదాపు ఎందుకు సమానం (లాంథనైడ్ సంకోచం). నీటిలో మిథైల్ అమైన్లలో డైమిథైల్‌కే క్షార బలం ఎక్కువ ఎందుకు. ఇలాంటివి ఒక ఇరవై చిట్టీల మీద రాసి, ఇంట్లో ఎవరి చేతికైనా ఇచ్చి అడిగించుకో. వాళ్లకి కెమిస్ట్రీ రాకపోయినా పరవాలేదు, జవాబు వెనకాల రాసి ఉంటుంది.

గాలిపటం22

మా ఇంట్లో ఇస్తే "ముందే చదవాల్సింది" అని కూడా చిట్టీ వెనకాల రాస్తారు అక్కా.

అర్ధరాత్రి_అయాన్

హాలులో ఏది ముందు రాయాలి? నేనైతే పెద్ద ప్రశ్నలు ముందు కొట్టేస్తా.

సుద్దముక్క

దానికి ఒకటే రూల్ లేదు. నాకు నచ్చేది, పేపర్ అంతా చదివి ఖచ్చితంగా వచ్చినవి ముందు రాయడం. లెక్కలో ఆగిపోతే అక్కడే కూర్చోకుండా సూత్రం, ఇచ్చిన విలువలు, మార్చిన యూనిట్లు రాసేసి, చోటు వదిలి ముందుకు వెళ్లాలి. దశల వారీగా మార్కులు వేసే చోట జవాబు తప్పినా ఆ మెట్లకు మార్కు వస్తుంది. ఏమీ రాయకుండా వదిలిన చోట నేను ఎంత మంచివాడినైనా సున్నా తప్ప వేయలేను. ఆర్గానిక్ నిర్మాణాలు గీసేటప్పుడు కార్బన్‌కి నాలుగు బంధాలు లెక్కపెట్టు. ఐదు బంధాల కార్బన్లు ఏటా కనిపిస్తాయి, పాపం.

అర్ధరాత్రి_అయాన్

ఐదో బంధం నిద్ర లేక వచ్చినదే అయ్యుంటుంది. సరే, నైటౌట్ మాట వెనక్కి.

గాలిపటం22

ఎలక్ట్రోకెమిస్ట్రీ కాగితం కూడా అయింది. ఫారడే లెక్క వచ్చేసింది. రెండు ఆంపియర్లు 965 సెకన్లు పంపితే 1930 కూలుంబులు, అంటే 0.02 ఫారడేలు. రాగి అయితే 0.01 మోల్, 0.635 గ్రాములు. వెండి అయితే ఒక్క ఎలక్ట్రానే కాబట్టి 0.02 మోల్, 2.16 గ్రాములు.

నెర్న్‌స్ట్ సూత్రం (గాఢతల బట్టి సెల్ వోల్టేజి ఇచ్చేది) దగ్గర అనుమానం. జింక్-రాగి సెల్లులో జింక్ అయాన్ గాఢత 0.1, రాగిది 0.01 ఇచ్చారు. భిన్నంలో పైన ఏది, కింద ఏది?

పాతబీకరు

సెల్ చర్య మొత్తం ముందు రాయి. జింక్ లోహం, రాగి అయాన్ కలిసి జింక్ అయాన్, రాగి లోహం అవుతాయి. ఏర్పడేది పైన, ఖర్చయ్యేది కింద, లోహాలు లెక్కలోకి రావు. ప్రామాణిక విలువ కాథోడ్ తీసివేత ఆనోడ్, 0.34 లోంచి మైనస్ 0.76 తీసేస్తే 1.10. ఇక్కడే చాలామంది మైనస్‌లో మైనస్ మింగేసి 0.42 రాస్తారు.

గాలిపటం22

అయితే పైన 0.1, కింద 0.01, భాగిస్తే 10, దానికి లాగ్ 1. రెండు ఎలక్ట్రాన్లు కాబట్టి 0.0591 భాగించు 2, అంటే 0.0295. 1.10 లోంచి తీసేస్తే 1.07 వోల్టులు. కరెక్టేనా?

సుద్దముక్క

కరెక్టే. ఇప్పుడు రెండు గాఢతలూ తారుమారు చేసి మళ్లీ చెయ్యి, 1.13 రావాలి. వస్తే ఆ పాఠం మూసేసి చిన్నక్క చెప్పిన రెండో కాగితం మొదలుపెట్టు.